బొల్లి కన్న దేవుడు

గుట్టమ్మ గుట్ట కింద ఓబులేసు దొడ్డి. అందులో ఒక ముసలెద్దు, ఒక పిల్లలకోడి, చెవి తెగిన మేకపోతు ఒకటి, బొల్లి అనే బర్రె ఒకటి కాపురముండేవి. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి దానికి బొల్లి అని పేరు. పూటకు నాలుగు లీటర్ల పాలిచ్చేది. తన్నేది కాదు, పొడిచేది కాదు. దొడ్లో ఎవరికీ దాని మీద ఫిర్యాదు లేదు. దానికే ఒక ఫిర్యాదు ఉండేది. కొడుకు దేవుడైపోయాడు.

కొడుకు దేవుడైతే ఏ తల్లయినా పొంగిపోవాలి గానీ ఫిర్యాదేమిటని మీరనొచ్చు. మీ ఇంట్లో ఒకడు దేవుడవనివ్వండి, అప్పుడు మాట్లాడదాం.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట వానలు మొహం చాటేశాయి. ఊరంతా గుట్టెక్కి, "వానలిస్తే వచ్చే దేవరకు దున్నపోతునిస్తాం తల్లీ" అని గుట్టమ్మకు మొక్కుకుంది. దేవరంటే ఆ సీమలో అయిదేళ్లకోసారి చేసే అమ్మవారి జాతర. మొక్కు ఊరందరిదీ అయినా పోతు ఎవరో ఒకరిది కావాలి కదా. చీటీలు వేస్తే ఓబులేసు పేరొచ్చింది. ఓబులేసు దొడ్లో ఉన్నది బొల్లి కొడుకు బుడ్డోడు ఒక్కడే. అప్పుడప్పుడే పాలు మాని గడ్డి కొరుకుతున్నాడు. వాడి ఒంటినిండా పసుపు పూసి, మెడలో వేపమండలూ ఇత్తడి గంటా కట్టి, పలుపు విప్పి ఊరి మీదికి వదిలేశారు.

అమ్మవారికి వదిలిన పోతుకు ఆ ఊళ్లో కొన్ని హక్కులున్నాయి. ఎవరి చేలో పడి మేసినా అదిలించకూడదు. కర్ర ఎత్తకూడదు. మెడ మీద కాడి మోపకూడదు. బుడ్డోడు మొదటిసారి శనగచేలో పడ్డప్పుడు చేనుగలవాడు పరుగెత్తుకొచ్చాడు. దెబ్బ పడుతుందని వాడు కళ్లు మూసుకుని వీపు వంచాడు. ఎంతసేపటికీ దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆ మనిషి చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు.

ఆ రోజుతో వాడి నడక మారింది. నడక మారితే మారింది, బుద్ధి కూడా మారింది.

గుట్ట మీది గుంటనక్క ఈ వైభోగమంతా కనిపెట్టి, ఒక సాయంత్రం వచ్చి వాడి ముందు సాగిలపడింది. "సామీ! నువ్వు మామూలు పోతువు గాదు. గుట్టమ్మ అంశవి. ఇంత దేవునికి మంత్రి లేకపోతే ఎట్ల సామీ?" అంది. బుడ్డోడికి మంత్రంటే ఏమిటో తెలియదు గానీ, సామీ అన్న మాట చెవికి తియ్యగా తగిలింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే లోకం ఇది. అలాంటి లోకంలో దున్నపోతునే పట్టుకుని నువ్వు దేవుడివంటే అది నమ్మకుండా ఉంటుందా?

ఆ వారంలోనే పక్క దొడ్లో ఒక పుంజు చచ్చిపోయింది. ఊళ్లో కొక్కెర తెగులు తిరుగుతోంది, ఆ నెలలో ముప్పై కోళ్లు పోయాయి. కానీ ఆ పుంజు పోయేముందు బుడ్డోడు అటువైపు చూశాట్ట. నక్కకు ఆ ముక్క చాలు. "సామి కోపంగా చూస్తే ఏడు రోజులు తిరక్కుండా చావే" అని దొడ్డి దొడ్డికీ తిరిగి చాటింపు వేసింది.

"అయితే మేమేం చేయాల నక్కబావా?" అని కోళ్లు వణికిపోయాయి.

"వారానికొక పిల్లను నాకప్పగించండి. సామి పాదాల కాడ పెట్టి శాంతి చేయిస్తా" అంది నక్క.

పోతు గడ్డి మేస్తుందని, కోడిపిల్లను ముట్టదని ఒక్క కోడికీ తట్టలేదు. భయం పట్టిన బుర్రకు ఏ ఆలోచనా ఎక్కదు.

ఇలా రెండేళ్లు గడిచాయి. దేవర ఇంకా పదిహేను రోజులుందనగా ఒక పొద్దున బుడ్డోడు గంట మోగించుకుంటూ దొడ్లోకి వచ్చాడు. వెనకాలే నక్క. వాడు నేరుగా పోయి ముసలెద్దు ముందున్న జొన్నసొప్పలో మూతి పెట్టాడు.

"నాయనా, ఈ పొద్దు నేను రెండెకరాలు దున్నాల. కొంచెం మిగిల్చు" అంది ఎద్దు మెల్లగా.

"సామి ఎంగిలి దొరకడం నీ అదృష్టం" అంది నక్క.

"అదృష్టం తిని నాగలి లాగలేము గద బావా" అంది ఎద్దు. అంతకు మించి అనలేదు. పుట్టి బుద్ధెరిగాక అది అంతకు మించి ఎప్పుడూ అనలేదు.

కోడిపెట్ట రెక్కలు చాపి పిల్లలను కిందికి లాక్కుంది. ఈసారి పన్నెండు పిల్లలు పుడితే ఏడు మిగిలాయి. తక్కిన అయిదూ శాంతికి పోయాయి. నక్క వంగి రెక్కల కిందికి తొంగి చూస్తూ, "ఈ వారం పిల్ల ఏదమ్మా?" అంది.

బొల్లికి ఒళ్లు మండిపోయింది. "ఒరే బుడ్డోడా! ఇట్ల రా!"

"బుడ్డోడు గాదు. సామి అనల్ల" అంది నక్క.

"నువ్వు నోరు మూసుకో! నా కొడుకుతో నేను మాట్లాడేదానికి మధ్యలో నువ్వెవరు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంట. అట్లుండాది నీ కత."

బుడ్డోడు సొప్ప నములుతూ తీరుబాటుగా వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. "ఏం వరం కావాల?" అన్నాడు.

"వరమా! నీ మొహానికి వరమొకటి తక్కువైంది! ఆ పెద్దాయన మేత నువ్వు తింటే ఆయన ఏం తిని దున్నల్ల? పోయిన వారం ఈరమ్మ జొన్నచేను తొక్కి పెట్టినావంట. ముసల్ది గట్టు మీద కూచోని ఏడ్చిందంట. దేవుడు చేసే పనులేనా ఇవి?"

"ఏడ్చింది. దండం కూడా పెట్టింది" అన్నాడు వాడు. "మేలు చేస్తే పెడతారో పెట్టరో నాకు తెల్దు. తొక్కితే మాత్రం తప్పకుండా పెడతాండారు. ఇంగ మేలు ఎందుకు చేయాల?"

ఆ వెధవ అన్నది నిజమేనని బొల్లికి తెలుసు. తను రోజూ పాలిస్తోంది. ఊళ్లో పసిపిల్లలు ఆ పాలు తాగి నడక నేరుస్తున్నారు. తనను గుంజకు కట్టేస్తారు, కదిలితే కర్రతో ఒకటేస్తారు. చేలు తొక్కేవాడికి చేతులెత్తి మొక్కుతారు. ఈ మనుషుల లెక్కలో పాలిచ్చేది పశువు, తొక్కేది దేవుడు. వీళ్ల తెలివి ఇంతే అయినప్పుడు దూడను అని ఏం లాభం?

అయినా తల్లి కదా, ఊరుకోలేదు. "సరే, అది ఇడిసిపెట్టు. దేవర ఎందుకు చేస్తారో తెల్సునా నీకు?"

"నాకే గదా చేసేది! డప్పులు కొడతారు. పూలదండలేస్తారు. ఊరేగింపుగా గుట్ట ఎక్కిస్తారు. మంత్రి అంతా చెప్పినాడు."

"ఎక్కేది చెప్పినాడు. దిగేది చెప్పినాడా?"

వాడు నక్క వైపు చూశాడు. నక్క తన తోక వైపు చూసుకుంది.

"నా తోడబుట్టినోడు, నీ మేనమామ, నీ మాదిరే తిరిగినాడు. నీ మాదిరే ఎవురి మాటా వినల్యా. పూలదండలేసి గుట్ట ఎక్కించినారు. నేను ఈ గుంజ కాన్నుంచే చూసినా. సాయంత్రానికి గంట ఒకటే దిగొచ్చింది. ఆ గంటే ఇప్పుడు నీ మెడలో ఉండేది."

గంట చప్పున ఆగిపోయింది. ఇంకొక్క మాటంటే వింటాడనిపించింది బొల్లికి. ఈలోగా నక్క అందుకుంది. "మామగారు అమ్మలో కలిసిపోయినారు సామీ. దేవుళ్లు ఎక్కితే ఎక్కడమే. దిగొస్తే వాళ్లు దేవుళ్లెట్లయితారు?"

వాడి మొహం మళ్లీ వెలిగింది. "విన్నావా? మామ అమ్మలో కలిసినాడు."

"కలిసింది అమ్మలో గాదురా, ఊరోళ్ల కుండల్లో!" అని అరిచింది బొల్లి.

"అపచారం! తల్లివని ఓర్చుకుంటాండా. ఇంకొక్క మాటన్నావంటే కోపంగా చూస్తా."

"చూడు."

"చూస్తే సచ్చిపోతావు."

"చూడరా. కడుపునిండా చూడు."

వాడు కాళ్లు ఎడంగా పెట్టి, తల వంచి, కనుగుడ్లు బయటికొచ్చేలా చూశాడు. ఎద్దు కళ్లు మూసుకుంది. కోడిపెట్ట పిల్లలతో సహా గంప కిందికి దూరింది. బొల్లి నెమరు వేస్తూ నిలబడింది. ఒక ఈగ వచ్చి ముక్కు మీద వాలితే తల విదిలించింది.

"అదిగో! తల ఊగింది! పని మొదలైంది!" అంది నక్క.

"ఈగ" అంది బొల్లి.

చివరికి వాడి కళ్లలోనే నీళ్లు తిరిగాయి. "నువ్వు నన్ను కన్నదానివి గాబట్టి పన్జేయల్యా" అనేసి గంట ఊపుకుంటూ పోయాడు. ఏడు రోజులు తిరిగాయి. బొల్లి చావలేదు సరికదా, పూటకు పావు లీటరు పాలు ఎక్కువిచ్చింది. ఈ సంగతి మాత్రం నక్క ఏ దొడ్లోనూ చాటింపు వేయలేదు.

ఎంత చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ సామెత పుట్టించినవాడు మా వంశంలో ఎవరినో చూసే పుట్టించి ఉంటాడని బొల్లి తల గుంజకేసి కొట్టుకుంది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మేతకు విప్పినప్పుడు అది నేరుగా గుట్ట మీదికి పోయింది. గుడీ గోపురమూ ఏమీ లేవు. వేపచెట్టు కింద నిలువెత్తు రాయి, దానికి రెండు వెండి కళ్లు. అదే గుట్టమ్మ. బొల్లి ఎదురుగా నిలబడి గట్టిగానే అడిగింది.

"తల్లీ, నా తమ్ముణ్ణి తీస్కపోయినారు. నీ పేరు చెప్పినారు. ఇప్పుడు నా కొడుకును తీస్కపోతారంట. మళ్లా నీ పేరే చెప్తాండారు. నువ్వడిగితివా? అడిగింటే అడిగినానని చెప్పు. ల్యాకుంటే ల్యాదని చెప్పు."

గుట్టమ్మ పలకలేదు. వేపాకు ఒకటి రాలింది. ఇది అవుననా, కాదనా? బొల్లి ఇంకో ఆకు రాలుతుందేమోనని చాలాసేపు చూసింది. రాలలేదు. పొద్దు వాలుతుంటే దానికి విసుగొచ్చింది. "నీ కోపం గురించి ఊరంతా కతలు చెప్తారు. నువ్వు మాత్రం ఒక్క మాట మాట్లాడవు. నీకు మంత్రులెక్కువైనారు తల్లీ, అదీ నీ బాధ" అనేసి దిగొచ్చింది.

దొడ్లో మళ్లీ తల గుంజకేసి కొట్టుకుంటుంటే చెవి తెగిన మేకపోతు దగ్గరికొచ్చింది. "బొల్లక్కా, ఈ ఊళ్లో మేకపోతు ఎన్నేండ్లు బతుకుతాది?"

"రెండో మూడో. దసరాకు తప్పించుకుంటే దేవరకు పోతాది."

"నాకు ఏడు నిండినాయి. ఇంకా ఎట్ల బతికుండానని ఎప్పుడన్నా అడిగితివా?"

"ఇప్పుడడగతాండా. చెప్పి సావు."

"పోయిన దేవరకు మీ తమ్మునితో పాటు నేనూ పోవల్సినోణ్ణే. ముందు రోజు కుక్క కరిచి చెవి తెగిపాయ. పూజారి నన్ను పైనుంచి కిందికి చూసి, 'వంక ఉండేదాన్ని అమ్మకెట్ల ఇస్తార్రా, తీస్కపోండి' అని తరిమినాడు. అమ్మోరికిచ్చేది నిండుగా ఉండల్ల అక్కా. చెవి తెగకూడదు, కన్ను పోకూడదు, కొమ్ము ఇరగకూడదు. అందరూ గుట్టకు మొక్కుతారు. నేను పొద్దున్నే లేచి నా తెగిన చెవికి మొక్కుకుంటా."

బొల్లి నెమరు ఆగిపోయింది. "కొమ్ము ఇరిగినా చెల్లదా?"

"కొమ్ము ఇరిగితే దేవుడు ఆడికాడికే దున్నపోతైపోతాడు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. చెవి నన్ను కాపాడింది. కొమ్ము మీ వాణ్ణి కాపాడదా?"

గంప కింద నుంచి కోడిపెట్ట తల బయటపెట్టింది. "అక్కా, దేవుని కొమ్ము ఇరగ్గొడితే పాపం గదా? గుట్టమ్మ ఊరుకుంటాదా?"

"ఆయమ్మ దగ్గర్నుంచే వస్తాండా. నాకు పోతు కావాలని ఒక్క మాట అనల్యా. తెచ్చేటోళ్లు తెస్తాండారు, తినేటోళ్లు తింటాండారు, పేరు ఆయమ్మది. పాపమైతే నాకే కానీలే. బిడ్డ కోసం చేసిన పాపం ఇంకో తల్లికి అర్థమైతాది."

మాటకైతే అనేసింది గానీ, ఆ రాత్రి దానికి మేత దిగలేదు. కన్నబిడ్డ కొమ్ము ఎలా విరుగుతుందా అని ఆలోచించే రోజు ఏ తల్లికీ రాకూడదు.

దొడ్డి వెనక కళ్లంలో కంకులు నూర్చే రాతి గుండు ఒకటుంది. ఆరు ఎడ్ల బరువు. మొన్న ఉగాదికి ఓబులేసు పెళ్లాం దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చెంబెడు నీళ్లు పోసి దండం పెట్టుకుంది. పనిముట్లకు మొక్కడం ఆ ఇంటి ఆచారం. దేవర ఇంకో ఆరు రోజులుందనగా, మేతకు విప్పగానే బొల్లి ఆ గుండు ముందుకు పోయి ముందుకాళ్లు మడిచి కూర్చుంది. పక్కన మేకపోతు, ఆ పక్కన కోడిపెట్ట. ఎద్దు కూడా వచ్చి నిలబడింది.

బుడ్డోడు గంట మోగించుకుంటూ వచ్చాడు. ఎవరూ తల తిప్పలేదు.

"ఏం చేస్తాండారు?" అన్నాడు.

"దండం పెట్టుకుంటాండాము" అంది బొల్లి.

"ఎవురికి?"

"గుండుసామికి."

"నేనుండంగా రాయికి మొక్కుతారా!"

"నీకు కోపమొస్తే ఏడు రోజులకు సస్తారంట. ఈ సామికి కోపమొస్తే అప్పుడికప్పుడే. పోయినేడు ఒక్క దొర్లు దొర్లి పందికొక్కును అప్పడం చేసిపెట్టినాడు."

"నేను చూసినా" అంది మేకపోతు.

"పైగా ఈ సామి నా సొప్ప ఎప్పుడూ తినల్యా" అంది ఎద్దు. అంత మాట అన్నందుకు తానే అదిరిపడి రెండడుగులు వెనక్కి వేసింది.

బుడ్డోడికి పుండు మీద కారం చల్లినట్టయింది. గుండు ముందుకు పోయి, "ఏయ్, తొలుగు" అన్నాడు. గుండు తొలగలేదు. "నేను దేవుణ్ణి చెప్తాండా, తొలుగు!" గుండు మీది కుంకుమ బొట్టు వాడి మొహంలోకే చూస్తోంది. వాడు తల వంచి కోపంగా చూశాడు.

"ఈ రాయి కూడా నిన్ను కనిందేమోరా. చూపు పన్జేయల్యా" అంది బొల్లి.

కోడిపెట్ట కిసుక్కున నవ్వింది. రెండేళ్లలో వాడిని చూసి ఎవరైనా నవ్వడం అదే మొదలు. అదే సమయానికి నక్క రొప్పుకుంటూ వచ్చింది. గుండును చూసింది, వాడి కొమ్ములను చూసింది, బొల్లి కళ్లను చూసింది. విషయం అర్థమైపోయింది. దేవర నాడు గుట్ట కింద పారేసే పేగులూ, పొలిమేర చుట్టూ చల్లే నెత్తురన్నమూ రెండేళ్లుగా దాని కలలోకి వస్తున్నాయి మరి.

"వద్దు సామీ! రాయితో మనకేం పని? ఇంక ఆరు దినాలే. దేవర అయినాక చూస్కుందాం."

"దేవర అయినాక చూసేదానికి ఎవురుంటారు?" అంది మేకపోతు.

బొల్లి లేచి నిలబడింది. "విన్నావా బుడ్డోడా? నీ మంత్రికే నీ మీద నమ్మకం ల్యా. ఊరంతా తిప్పి దేవుడంటాడు, రాయి ముందర నిలబెడితే వద్దంటాడు. అడుగు. నువ్వు పొడిస్తే ఈ రాయి పగులుతాదా, పగలదా?"

పగలదంటే వీడు దేవుడు కాడని ఒప్పుకున్నట్టు. పగులుతుందంటే కొమ్ము పోయినట్టు. రెండేళ్లుగా ఏ ప్రశ్నకైనా జవాబున్న నక్క నోరు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

"చెప్పు మంత్రీ" అన్నాడు వాడు. "నేను దేవుణ్ణా కాదా?"

"దేవునివే సామీ. కానీ..."

ఆ కానీ వినే ఓపిక దేవుళ్లకెక్కడిది? వాడు పదడుగులు వెనక్కి పోయి, తల వంచి, దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చాడు. బొల్లి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇంత పన్నినదీ ఆ దెబ్బ మాత్రం చూడలేకపోయింది.

టక్కుమని చప్పుడైంది. గంట పిచ్చిగా మోగింది. ఆ తరువాత రెండేళ్లుగా వినని మాట ఒకటి కళ్లమంతా వినిపించింది.

"అమ్మా!"

గుండు ఉన్నచోటే ఉంది. ఎడమ కొమ్ము మొదలంటా విరిగి మట్టిలో పడింది. నెత్తురు చెంప మీదుగా కారుతోంది. బొల్లి పరుగెత్తి వాడి తల తన మెడ కింద పెట్టుకుని నాకడం మొదలుపెట్టింది.

"నొప్పిగా ఉండాదమ్మా."

"ఉంటాదిరా. కొన్నాళ్లు ఉంటాది. ఏడువు నాయనా, ఏడువు" అని తనూ ఏడ్చింది.

ఓబులేసు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. పసుపూ ఆముదమూ రంగరించి గాయానికి పెట్టాడు. సాయంత్రానికి ఊరిపెద్దలు వచ్చారు, గుట్టమ్మ పూజారి వచ్చాడు. పూజారి బుడ్డోడి చుట్టూ ఒకసారి తిరిగి, "ఒంటికొమ్ముది అమ్మకు చెల్లదు. గంట ఇప్పండి" అన్నాడు. విప్పేశారు.

వేరే పోతును వెతకాలని అందరూ బయల్దేరారు. విచిత్రం చూడండి, నిన్నటిదాకా నిగనిగలాడిన ఊరి పోతులన్నిటికీ ఒక్క పూటలో వంకలు పుట్టుకొచ్చాయి. ఒకడు మా దాని తోక వంకరన్నాడు. ఒకడు రేచీకటన్నాడు. ఇంకొకడు మా దానికి మొన్నటినుంచి మతి సరిగా లేదన్నాడు. మొక్కు అందరిదీ, పోతు మాత్రం పక్కవాడిది కావాలి. నాలుగు రోజులు తిరిగి తిరిగి చివరికి పూజారే విసిగిపోయి, "గుమ్మడికాయ కొట్టండి పోండి. మా తాత కాలంలో కూడా ఒకసారి కొట్టినారంట" అన్నాడు.

దేవర నాడు డప్పులు మోగాయి. పూలదండలు వేసి ఒక పెద్ద బూడిదగుమ్మడికాయను ఊరేగించి, గుట్ట మీద కుంకుమ నింపి కొట్టారు. గుట్టమ్మ ఏమీ అనలేదు. అయిదేళ్ల కింద పోతును కొట్టినప్పుడూ ఏమీ అనలేదు. ఆ ఏడు వానలు పడ్డాయా అంటే, ఒక మోస్తరుగా పడ్డాయి. పోతును కొట్టిన ఏడూ ఒక మోస్తరుగానే పడ్డాయి.

నక్క పొద్దున్నుంచీ పొలిమేరలో పొదచాటున నాలుక చాపుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఊరివాళ్లు వచ్చి ఎర్రగా తడిసిన ముక్కలు గంపెడు విసిరి పోయారు. ఆత్రంగా ఒక పెద్ద ముక్క మింగింది. గుమ్మడి, కుంకుమ, గింజలు. గొంతులో గింజ అడ్డంపడి రెండు రోజులు దగ్గింది. మూడో రోజు ఆకలి పట్టలేక దొడ్లోకి వచ్చి, అలవాటుగా, "ఈ వారం పిల్ల ఏదమ్మా?" అంది.

"యా సామికి?" అంది కోడిపెట్ట.

"మన సామికే."

"మన సామి నీళ్లబండి లాగుతాండాడు. ఆడికి పోయి అడుగు" అంటూ ఎగిరి ముక్కు మీద పొడిచింది. పిల్లలన్నీ వెంటపడ్డాయి. ఎద్దు మేత ఆపకుండానే వెనకకాలు ఒకటి విసిరింది. తగలవలసిన చోటే తగిలింది. నక్క ఆ దెబ్బకు గుట్ట దాటిపోయింది.

ఇక బుడ్డోడు. గాయం పక్కు కట్టగానే ఓబులేసు వాణ్ణి నీళ్లబండికి కట్టాడు. మొదటి రోజు వాడు ఓబులేసు వైపు కోపంగా చూశాడు. వీపు మీద ఒకటి పడింది. దాంతో చూపు సంగతి వాడికి పూర్తిగా రూఢి అయింది. కానీ బుద్ధి వచ్చిందా అంటే, అదంత తొందరగా వచ్చే వస్తువు కాదు.

మరుసటేడు బొల్లి ఒక పెయ్యదూడను ఈనింది. ఆ పెయ్య నడక నేర్చి, ఒక సాయంత్రం బండి విప్పాక అన్న దగ్గరికి పోయి, "అన్నా, నువ్వు ముందు దేవుడంట గదా?" అని అడిగింది.

"అవును పాపా. ఊరంతా మొక్కుతాండె. నేను యా చేలో పడితే ఆ చేను నాదే" అన్నాడు వాడు, విరిగిన కొమ్ము మొదలును గుంజకు రుద్దుకుంటూ. "మన అమ్మ ఓర్వలేకపాయ. రాయిని చూపించి నన్ను దించేసింది."

కుడితి తొట్టి దగ్గరున్న బొల్లికి ఆ మాట స్పష్టంగా వినిపించింది. మేకపోతుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమక్కా, వినీ ఊరకుంటావా? వాణ్ణి ఎందుకు దించితివో ఇప్పుడన్నా వాని మొహాన చెప్పు!"

"చెప్పినా. ఇరవైసార్లు చెప్పినా. నేను ఓర్వలేకనే అట్ల చెప్తాండానంట" అంది బొల్లి. విసుగ్గా తోకతో ఈగలు తోలుకుంది. కాసేపు వాడి వైపే చూసింది. "పోనీలే. ఆ మాట అనేదానికైనా వాడు ఉండాడు గదా. అననీ."

దండం పెట్టే చేతుల వెనక ఏముందో చూసుకోనివాడు, దేవుడైనా దున్నపోతే.